బావినీరు ఉమ్మడి సొమ్ము



మన సంఘములో సభ్యుడెవరైనను అప్పునకు దరఖాస్తు పెట్టినప్పుడు పాలకవర్గమువారు మొదట అడుగు ప్రశ్న యొకటే: "రాబడి యెంత? తీర్చు మార్గమేది?" దీనికి సరియైన జవాబు లేనిదే పెట్టెనుండి ఒక్క రూపాయియైనను వెలుపలికి రాదు. ఇది కాఠిన్యము కాదు. పెట్టెలోనున్నది ఒకని సొమ్ము కాదు, సభ్యులందఱి సొమ్ము. ఒకడు తీర్చలేనంత తీసికొనినచో తక్కినవారి పొదుపునకు ముప్పు వాటిల్లును.

సంఘపు లెక్కలను ఇంత జాగ్రత్తగా చూచుకొను రైతే పొలమునకు పోయి, మోటారు మీట నొక్కి, భూమి యడుగున నున్న నీటిని లెక్క లేకుండ తోడుచున్నాడు. ఈ యేట వాన ఎంత కురిసెను? అందు ఎంత భూమిలోనికి ఇంకెను? నేను తోడుకొనుచున్నది ఎంత? అని తన్నుదాను ప్రశ్నించుకొనువారు అరుదు. బావి నాది, బోరు నాది, కావున నీరును నాదే యను తలంపు మన మనస్సులలో నాటుకొని యున్నది. బావి ఒకనిది కావచ్చును; నీరు మాత్రము ఒకనిది కాదు. ఈ సంగతిని ఈ పాఠమున విచారించి, మన నిత్యపు అలవాట్లలో ఎవరికి వారు మార్చుకొనదగినవి యేవో చూతము.

కృష్ణా గోదావరి డెల్టాలలో కాలువ నీటితో సేద్యము చేయువారి స్థితి వేఱు. ఈ పాఠము ముఖ్యముగా తెలంగాణమునను, రాయలసీమయందును, ప్రకాశము మొదలగు మెట్ట ప్రాంతములయందును బావులమీదను బోర్లమీదను ఆధారపడిన సేద్యగాండ్రకై వ్రాయబడినది.

1. భూమి యడుగున నీరెట్లుండును?

భూమిలోపల నదులు ప్రవహించుచున్నవనియు, అదృష్టవంతుని గొట్టము వాటికి తగులుననియు పెక్కుమంది నమ్ముదురు. మన మెట్ట ప్రాంతములలో అధికభాగము నల్లరాతి నేల. పైన కొంత మట్టి, దాని క్రింద ఎండకు వానకు చివికిన రాతిపొర యుండును. దీనిని కొందఱు మొరమనియు, కొందఱు గరుసనియు అందురు. సాధారణముగా దీని మందము పది యిరువది మీటర్లకు మించదు. దీని క్రిందనున్నది గట్టి బండ. ఆ బండలో అక్కడక్కడ పగుళ్లుండును.

వాననీరు ముందుగా ఈ మొరములో నిలుచును. మొరమునుండి జాఱి బండలోని పగుళ్లలోనికి దిగును. కావున నీటికి నిజమైన గాదె మొరమే. పగుళ్లు ఆ గాదెకున్న గొట్టములు మాత్రమే. రెండువందల అడుగుల బోరు ఎండినదని ఆఱువందల అడుగులకు దింపిన రైతు, క్రొత్త నీటిని కనుగొన్నట్లు కాదు. పెక్కుచోట్ల అతడు ఇరుగుపొరుగు బావులలోని నీటినే తన గొట్టములోనికి దింపుకొనుచున్నాడు. ఒక్క కుండలోని మజ్జిగను నలుగురు పిల్లలు నాలుగు గొట్టములతో పీల్చుచున్నారనుకొనుడు. పొడుగు గొట్టము గలవాడు చివరివఱకు త్రాగును. కాని కుండలోని మజ్జిగ పెరుగదు. అది ముగిసిన పిమ్మట పొడుగు గొట్టమునకును పొట్టి గొట్టమునకును భేదముండదు.

లోతునకు పోయినకొలది మఱియొక కీడును కలదు. రాతిలోని ఫ్లోరైడు అను పదార్థము, నీరు రాతితో చిరకాలము కలసియున్నచో దానిలో కరగును. త్రాగునీటిలో ఇది లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించినది. మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినవారికి పండ్లు గారపట్టుట, ఎముకలు వంగుట సంభవించును. ఈ వ్యాధి మన దేశమున మొదట గుర్తింపబడినది 1937వ సంవత్సరమున, నాటి నెల్లూరు జిల్లాలో. నల్లగొండ ప్రాంతపు గ్రామములు దీనివలన పడిన బాధ అందఱెఱిగినదే.

2. మోటనాటి హద్దు

మన తాతల కాలమున బావినుండి నీరు తోడుటకు మోట, కపిల, ఏతము సాధనములుగా నుండెడివి. తెల్లవాఱుజామున మోట కట్టినచో ఎండ ముదురు వేళకు ఎద్దులు అలసిపోయెడివి. ఎద్దు అలసిన మోట నిలిచెడిది. మోట నిలిచిన బావి మరల ఊరెడిది. నాటివారు మనకంటె గొప్ప త్యాగులని చెప్పుట కాదు. వారి సాధనములోనే ఒక హద్దు ఇమిడియుండెను.

చెఱువు నీటికి మఱియొక హద్దు. చెఱువు నిండినదో సగము నిండినదో చూచి, ఎవరి మడికి ఎప్పుడు ఎంత నీరు పెట్టవలెనో నీరుగంటి చూచుకొనెడివాడు. నీరు తక్కువయైన యేడు సాగును తగ్గించుకొనెడివారు. కాకతీయులనాటి పాకాల, రామప్ప చెఱువులు గాని, కంభము చెఱువు గాని కట్టతోను తూముతోను మాత్రమే నిలువలేదు. నీటిని చూచి పంటను నిర్ణయించుకొను అలవాటుతో నిలిచినవి.

మోటారు వచ్చిన పిమ్మట ఈ హద్దులు తొలగినవి. మోటారునకు అలుపు లేదు. 2004వ సంవత్సరమునుండి సేద్యపు మోటార్లకు ఉచిత విద్యుత్తు లభించుటతో, ఎంతసేపు నడిపినను చేతి డబ్బు ఖర్చు కానందున, ఆపవలెనను తలంపునకే తావు లేకపోయెను. ఉచిత విద్యుత్తు కష్టములోనున్న రైతునకు మేలు చేసినది. ఆ సంగతిని కాదనలేము. కాని ఉచితమనగా రైతు వెల చెల్లింపలేదని మాత్రమే అర్థము. ఐదు గుఱ్ఱపు శక్తి మోటారు నిండుబరువుతో ఆఱు గంటలు నడిచినచో సుమారు 22 యూనిట్లు ఖర్చగును. ఆ విద్యుత్తులో పెద్దపాలు నేటికిని బొగ్గును కాల్చియే పుట్టింపబడుచున్నది. నీరు ఒక గాదెనుండి, బొగ్గు మఱియొక గాదెనుండి, రెండును తఱుగుచున్నవి. కూర్చుండి తినిన కొండలైనను కరగునని పెద్దలు చెప్పుదురు గదా!

వెలుపలి హద్దు తొలగినప్పుడు, మనిషి లోపలి హద్దును ఏర్పఱచుకొనవలెను. ఈ పాఠపు సారాంశమంతయు ఇదియే.

3. రాబడి యెంత? వ్యయమెంత?

ఒక ఎకరము నేలపై ఒక్క మిల్లీమీటరు వాన కురిసినచో ఆ నీరు సుమారు 4,047 లీటర్లగును. ఈ యొక్క అంకెను గుర్తుంచుకొన్నచో తక్కిన లెక్కయంతయు ఎవరికి వారే చేసికొనవచ్చును.

అనంతపురము ప్రాంతమున సాలీనా సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఇందు చాలభాగము ఎండకు ఆవిరియగును, కొంత పైరు పీల్చుకొనును, కొంత వాగులపాలగును. రాతినేలలలో బావులను చేరునది, నేల స్వభావమునుబట్టి, నూటికి పది పాళ్లకు అటునిటుగా నుండును. పలుచోట్ల అంతకంటెను తక్కువ. నూటికి పది పాళ్లే యనుకొన్నచో 55 మిల్లీమీటర్లు. అనగా ఒక ఎకరమునకు ఏటికి చేరు రాబడి రమారమి 2 లక్షల 20 వేల లీటర్లు.

ఇక వ్యయము చూడుడు. వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావలెను. అనగా ఎకరమునకు సుమారు 48 లక్షల 50 వేల లీటర్లు. వేరుసెనగకు రమారమి 500 మిల్లీమీటర్లు, అనగా 20 లక్షల లీటర్లు. రాగి మొదలగు చిరుధాన్యములకు రమారమి 400 మిల్లీమీటర్లు, అనగా 16 లక్షల లీటర్లు.

యాసంగిలో వాన లేని దినములలో బోరు క్రింద ఒక ఎకరము వరి పండించువాడు, సుమారు 22 ఎకరములపై కురిసిన వాననుండి భూమిలో చేరిన నీటిని ఒక్కడే వాడుకొనుచున్నాడన్నమాట. పొలమున పెట్టిన నీటిలో కొంత మరల భూమిలోని కింకును గదా యని మీరడుగవచ్చును. నిజమే. సగము వెనుకకు చేరినదనుకొన్నను, పదునొకండు ఎకరముల రాబడి ఒక ఎకరమునకు ఖర్చగుచున్నది. తక్కిన పది ఎకరములవారు ఎవరు? మన ప్రక్కనున్న సోదర రైతులే. మన సంఘపు సభ్యులే. వానిపై ఆధారపడి బోరు లేని మెట్టరైతు పశువులును, ఊరి త్రాగునీటి బావియును గలవు.

ప్రతియేట రాబడికి మించి ఖర్చుచేయువాడు మూలధనమును తినుచున్నాడు. భూమిలోని మూలధనము తఱిగినప్పుడు బావి ఎండును. బావి ఎండినవాడు బోరు వేయించును. బోరు పడనిచో మఱియొకటి, అదియు పడనిచో ఇంకొకటి. మన సంఘమునకు రావలసిన బాకీలలో, నీరు పడని బోర్లకై తీసికొన్న అప్పులెన్నియో పాలకవర్గము ఒకసారి విచారించి చూడవలెను. అప్పుచేసి పప్పుకూడు తినుట మాట యట్లుండనిండు. అప్పుచేసి ఎండిన గొట్టమును పాతుట అంతకంటెను కష్టము.

4. మీ బోరు లెక్క మీరే కట్టుకొనుడు

ఈ పనికి ఇంజనీరు అక్కఱలేదు. రెండువందల లీటర్ల డ్రమ్మును గొట్టము క్రింద పెట్టి, అది నిండుటకు ఎన్ని సెకనులు పట్టినదో గడియారముతో చూడుడు. 80 సెకనులు పట్టినదనుకొందము. అప్పుడు గంటకు 9,000 లీటర్లు వచ్చుచున్నవి. దినమునకు ఆఱు గంటలు నడిపినచో 54,000 లీటర్లు. తొంబది దినములకు 48 లక్షల 60 వేల లీటర్లు.

పై లెక్కతో దీనిని సరిచూడుడు. ఈ బోరు యాసంగి తొంబది దినములలో ఇచ్చు నీరు ఒక్క ఎకరము వరికి సరిగా సరిపోవును. ఆ నీటితోనే వేరుసెనగయైనచో రెండెకరములకు మించి, చిరుధాన్యములైనచో మూడెకరములు పండును. ఇట్టి బోరు క్రింద రెండెకరముల వరి నాటినవాడు, నాటిననాడే ఒక ఎకరమును ఎండబెట్టుకొనుటకు నిశ్చయించుకొన్నట్లు. ఫాల్గుణమాసమున పైరు ఎండుచున్నప్పుడు అతడు బోరును తిట్టును, దైవమును తిట్టును. కాని తప్పు నాటిననాటిది.

బావిలోని మట్టమును కొలుచుటయు సులభమే. త్రాటికి బరువు కట్టి, గజమునకొక ముడి వేసి, ఏటికి రెండుమారులు కొలువవలెను: తొలకరికి ముందొకమారు, వానలు వెనుకపట్టిన పిమ్మట ఒకమారు. ఈ రెండు అంకెలను తేదీతో కూడ గోడమీదనో పుస్తకమునందో వ్రాసియుంచుడు. రెంటి భేదమే ఆ యేటి రాబడికి గుర్తు. మూడేండ్ల అంకెలు చేతిలోనున్న రైతు, తన బావి నిలుచుచున్నదో దిగుచున్నదో ఒకరు చెప్పనక్కఱలేకుండ తెలిసికొనును.

5. లెక్క చూచుకొన్న గ్రామములు

ఇది పుస్తకములోని మాట మాత్రమే కాదు. 2003వ సంవత్సరము మొదలు కొన్నేండ్లపాటు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబ్‌నగరు, నల్లగొండ జిల్లాలలో "ఆంధ్రప్రదేశ్ రైతుల యాజమాన్యమున భూగర్భజల వ్యవస్థలు" అను పథకము నడచినది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దీనికి తోడ్పడెను. ఆఱువందలకు పైబడిన ఆవాసములలో రైతులు, స్త్రీలును పురుషులును, వానను తామే కొలిచిరి. బావుల మట్టములను తామే కొలిచిరి. బోర్ల నీటిని డ్రమ్ముతో తామే లెక్కించిరి. వానకాలము ముగియు వేళకు, యాసంగి విత్తుటకు ముందు, అందఱును కూడి ఈ యేట భూమిలోనున్న నీరు ఇంత, మీరు వేయదలచిన పంటలకు కావలసినది ఇంత, అని బహిరంగముగా లెక్క వేసెడివారు.

ఇందు ముఖ్యముగా గమనింపదగినది ఒకటి కలదు. అక్కడ ఎవరిని వరి మానుమని శాసింపలేదు. జరిమానా లేదు, బహుమానమును లేదు. లెక్కను మాత్రము ముందుంచిరి. పిమ్మట ఇంటికి పోయి ఎవరికి వారు నిర్ణయించుకొనిరి. పెక్కుచోట్ల యాసంగి వరి తగ్గినది. తక్కువ నీటి పంటలు పెరిగినవి. తోడు నీరును తగ్గినది. రైతునకు తెలివి లేక నీరు వృథాయగుచున్నదనుట తప్పు. తెలిసికొను సాధనము చేతికందనందున వృథాయైనదనుట ఒప్పు.

పొరుగున మహారాష్ట్రములో, నాడు అహమదునగరమనబడిన జిల్లాయందలి హివరే బాజారు గ్రామము మఱియొక త్రోవ పట్టెను. 1990వ సంవత్సర ప్రాంతమునుండి సర్పంచి పోపట్‌రావు పవార్ నాయకత్వమున ఆ గ్రామస్థులు వాననీటిని గట్లతోను కందకములతోను నిలుపుటయే గాక, సేద్యమునకు బోర్లు వేయరాదని కట్టుబాటు చేసికొనిరి. అధికముగా నీరు త్రాగు చెఱకు, అరటి పంటలను మానుకొనిరి. ప్రతి సంవత్సరము వానలు ముగిసిన పిమ్మట నీటి లెక్క వేసి, ముందు మనుష్యులకును పశువులకును త్రాగునీరు తీసియుంచి, మిగిలినదానినిబట్టి పంటలు నిర్ణయించుకొందురు. పవార్‌గారికి 2020వ సంవత్సరమున పద్మశ్రీ బిరుదు ప్రకటింపబడెను. నీరు పట్టుట ఎంత ముఖ్యమో, పట్టిన నీటిని మితముగా వాడుట అంత ముఖ్యమని ఆ గ్రామము బోధించుచున్నది. ఎన్ని గుంటలు త్రవ్వినను తోడుటకు హద్దు లేనిచో చిల్లికుండలో నీరు పోసినట్లే.

6. ఎవరికి వారు మార్చుకొనదగిన అలవాట్లు

మొదటిది, మోటారు అలవాటు. విద్యుత్తు వచ్చినంతనే మోటారు తానంతట నడుచునట్లు కట్టు ఆటోస్టార్టరును తీసివేయవలెను. ఇది యున్నచో రైతు ఇంట నిద్రించుచుండగా మడి నిండి, గట్టు తెగి, నీరు డొంకపాలగును. తెలంగాణములో 2018 జనవరి 1వ తేదీనుండి సేద్యమునకు ఇరువదినాలుగు గంటల విద్యుత్తు ఇచ్చుటకు మొదలిడినప్పుడు, ప్రభుత్వమువారు రైతులను ముందుగా కోరినది దీనిని తీసివేయుమనియే. చేతితో మీట నొక్కువాడు పొలమును కన్నులతో చూచును. చూచినవాడు ఆపును.

రెండవది, మడిలో ఎల్లప్పుడు నీరు నిలువవలెనను నమ్మకము. వరి నీటి మొక్క కాదు. నీటిని సహించు మొక్క. తడియు పొడియు మార్చి పెట్టు పద్ధతిని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారము చేసినది. సుమారు 30 సెంటీమీటర్ల గొట్టపు ముక్కకు క్రింది 20 సెంటీమీటర్ల మేర రంధ్రములు వేసి, ఆ భాగమును మడిలో దింపి, లోపలి మట్టిని తీసివేయవలెను. గొట్టములో నీరు నేలమట్టమునకు 15 సెంటీమీటర్లు క్రిందికి దిగువఱకు తడి పెట్టనక్కఱలేదు. అటుపిమ్మట 5 సెంటీమీటర్లు నిలుచునట్లు పెట్టిన చాలును. నాటిన రెండు వారములకు ఇది మొదలిడవలెను. పూతకు వారము ముందునుండి వారము తరువాతివఱకు మాత్రము నీరు నిలువయుంచవలెను. సరిగా చేసినచో దిగుబడి తగ్గకయే నూటికి ముప్పది పాళ్లవఱకు నీరు మిగులును.

మూడవది, మిగిలినదానిని మరల ఖర్చుచేయు అలవాటు. బిందుసేద్యపు గొట్టములు వేసికొన్న రైతు సగము నీటితో పంట పండించును. మంచిదే. కాని మిగిలిన సగముతో మఱియొక రెండెకరములు సాగుచేసినచో భూమిలో మిగిలినదేమి? సాధనము కొన్నవాడు పొదుపరి కాడు. మిగిలినదానిలో కొంతయైనను భూమియందే యుంచినవాడు పొదుపరి. సంఘమునందలి పొదుపు ఖాతాకును ఇదియే సూత్రము గదా.

నాలుగవది, నేలను బోసిగా ఉంచు అలవాటు. వేసవి దుక్కిని వాలునకు అడ్డముగా దున్నుట, గట్లను సరిచేయుట, పొలము పల్లపు మూలలో నీటిగుంట త్రవ్వుట, పంట కోసిన పిమ్మట కొయ్యకాలును తగులబెట్టక నేలపై కప్పుట, ఇవి క్రొత్తవి కావు. కప్పిన నేల తడిని నిలుపును. కాల్చిన నేల దానిని పోగొట్టుకొనును.

ఐదవది, క్రొత్త బోరును తొలి ఉపాయముగా తలచు అలవాటు. 2002వ సంవత్సరపు జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టము బావులను నమోదు చేయింపవలెననియు, ప్రజల త్రాగునీటి బావికి 250 మీటర్లలోపల బావి త్రవ్వరాదనియు చెప్పుచున్నది. చట్టము కొఱకు గాక మన ఇంటివారి కడవల కొఱకు దీనిని పాటింపవలెను. బోరు వేయుటకు ముందు ఇరుగుపొరుగు బావులను కొలిచి చూచుడు. అవి దిగుచున్నచో మీ గొట్టమును దిగిపోవుచున్న నీటినే వెంబడించును.

ఆఱవది, ఇంటి అలవాటు. ఇల్లాలు దూరమునుండి కడవతో తెచ్చిన నీటిలో ఒక్క చెంబును వృథా చేయదు. కొళాయి వచ్చిన పిమ్మట ఇంటివారందఱును ఆ జాగ్రత్తను మఱచినారు. గిన్నెలు కడిగిన నీటిని పెరటిలోని అరటికి, కరివేపాకునకు మళ్లింపవచ్చును. నూఱు చదరపు గజముల డాబాపై 550 మిల్లీమీటర్ల వాన కురిసినచో 46 వేల లీటర్లగును. ఇందు అయిదవవంతు పోయినను సుమారు 37 వేల లీటర్లు పట్టి తొట్టిలోనికో ఇంకుడుగుంటలోనికో పంపవచ్చును.

ఏడవది, విస్తరి అలవాటు. మెట్టప్రాంతపు ఇండ్లలో నిన్నమొన్నటివఱకు జొన్నరొట్టె, రాగిసంకటి, కొఱ్ఱన్నము నిత్యభోజనములు. వరియన్నము పండుగనాటిది. నేడు పూటపూటకు వరియన్నమే మర్యాదయని తలచి, జొన్నను పేదల కూడని చిన్నచూపు చూచితిమి. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్య సంవత్సరముగా జరుపగా, పట్టణవాసులు వాటిని వెలయిచ్చి కొనుచున్నారు. మనము తినని ధాన్యమును పండింపుమని మనకే చెప్పుకొనుట వ్యర్థము. వారమునకు నాలుగు పూటలు రాగియో జొన్నయో విస్తరిలోనికి వచ్చినచో, అది పొలములోనికిని వచ్చును.

7. "నే నొక్కడను మానిన నేమి?"

ఇంతవఱకు విని ఒక తమ్ముడు ఇట్లనవచ్చును: "అన్నా, నేను వరి మానుకొందును. నా ప్రక్కవాడు మానడు. నేను మిగిల్చిన నీటిని అతడు తోడుకొనును. పైగా వరికి కొనుగోలు కేంద్రమున్నది, కొఱ్ఱకు కొనువాడెవడు? నష్టము నాకు, లాభము అతనికి గదా?"

ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. ఒంటరిగా మానినవాడు నష్టపడుట నిజమే. అందుచేతనే ఈ పాఠము సహకార సంఘపు పత్రికలో వ్రాయబడుచున్నది. 1904వ సంవత్సరపు చట్టము క్రింద మన దేశమున గ్రామ పరపతి సంఘములు పుట్టినప్పుడు వాటికి పునాదియైనది అపరిమిత బాధ్యత. ఒక సభ్యుని బాకీకి సభ్యులందఱును బాధ్యులు. ఈ నియమమువలన ప్రతివాడును తక్కినవాని ఖర్చును గమనించెడివాడు. దుబారా చేయువానిని మందలించెడివాడు. మొరములోని నీటి విషయమున ఆ నియమమును మనము వ్రాసికొనలేదు గాని, ప్రకృతి ముందే వ్రాసియున్నది. ఒకని దుబారాకు అందఱి బావులును జామీను.

కావున ఒక్కొక్కరు మారుటయు, కలసి మారుటయు రెండును కావలెను. తమ్ముడు తన పొలములో మొదలిడవలెను. సంఘము అతని వెనుక నిలువవలెను. ఒకే మొరముపై బావులున్న పది పదునైదుమంది రైతులు ఒక జట్టుగా ఏర్పడవచ్చును. సంఘము జట్టునకు ఒక వానకొలత పాత్రను కొనియిచ్చి, చిరుధాన్యముల విత్తనములు ఒక్కటిగా తెప్పించి, పండిన ధాన్యమును గిడ్డంగిలో నిలువచేసి, మంచి ధరకు కలిపి అమ్మవచ్చును. బోరునకు అప్పు అడిగినవానిని ఇరుగుపొరుగు బావుల మట్టము చూపుమని కోరవచ్చును. ఇవన్నియు నేడున్న సంఘము నేడే చేయగల పనులు. ధర విషయమున మాత్రము ప్రభుత్వముతో మాటలాడవలసినది చాల గలదు; ఒంటరి రైతు కంటె సంఘము నోట ఆ మాట గట్టిగా వినబడును.

అందఱును మారువఱకు వేచియుందునన్నవాడు ఎన్నటికిని మారడు. మొదట మారినవాడు నష్టపడకుండ చూచుటయే సహకారము.

8. సమావేశమున చర్చింపవలసిన ప్రశ్నలు

ఈ పాఠమును సభ్యులు కూడిన దినమున ఒకరు చదువగా తక్కినవారు విని, ఈ క్రింది ప్రశ్నలను చర్చింపవలెను.

(1) మన గ్రామమున పదియేండ్ల క్రిందట నీరుండి నేడు ఎండిన బావులెన్ని? వాటి చుట్టును తరువాత వేసిన బోర్లెన్ని?

(2) మీ బోరు రెండువందల లీటర్ల డ్రమ్మును ఎన్ని సెకనులలో నింపును? ఆ నీటికి ఎన్ని ఎకరముల ఏ పంట తగును? నిరుడు మీరు వేసిన పంటయేది?

(3) ఈ యేటి వానను మన గ్రామమున ఎవరు కొలిచిరి? ఎవరును కొలువనిచో వచ్చు తొలకరినుండి ఎవరు కొలుతురు?

(4) పై ఏడు అలవాట్లలో ఈ నెలలోనే మార్చుకొనదగినది మీకు ఏది? మార్చుకొనుటకు అడ్డమేమి?

(5) ఒకే మొరముపై బావులున్న సభ్యులెవరు? వారు జట్టుగా కూడుటకు సంఘము చేయవలసిన సహాయమేమి?

చర్చ ముగిసిన పిమ్మట ప్రతిసభ్యుడును తాను మార్చుకొనబోవు ఒక్క అలవాటును మినిట్సు పుస్తకమున వ్రాయింపవలెను. ఒక్కటియే చాలును. ఏడింటిని వ్రాయించి ఏదియు చేయకుండుటకంటె, ఒక్కటి వ్రాయించి దానిని చేయుట మేలు. వచ్చు యేడు తొలకరికి ముందు అదే పుస్తకమును తెఱచి, వ్రాయించినవారిని పేరుపేరున అడుగుదము. అప్పటికి త్రాడుతో కొలిచిన మట్టము ఒక్క గజము పైకి వచ్చినను, మన పిల్లలకు మనము విడిచిపోవు ఆస్తిలో ఆ గజమును కూడ చేర్చి లెక్కింపవచ్చును.